‘నేశాడు’ అన్న మాటకు ఇంగ్లీషులో ఎన్ని రూపాలు?

రాజోలిలో ఒక నేతకారుడు పోయిన నెల నాలుగు చీరలు నేశాడు. ఈ నెల కూడా నాలుగు నేశాడు. తెలుగులో ఈ రెండు వాక్యాలకూ క్రియ ఒక్కటే. ఇంగ్లీషులో చెప్పమంటే మాత్రం మొదటిదానికి ‘వోవ్’ అనాలి, రెండోదానికి ‘హాజ్ వోవెన్’ అనాలి. పోయిన నెల గడిచిపోయింది, దాని లెక్క తేలిపోయింది. ఈ నెల ఇంకా నడుస్తోంది, మగ్గం మీద పడుగు ఉంది, అయిదో చీర దిగినా దిగొచ్చు. మజూరీ లెక్కల మధ్య పెరిగే పిల్లకు ఈ తేడా ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇంగ్లీషువాడు ఆ తేడాను తెచ్చి క్రియ మీద మోపుతాడన్న సంగతే ఆమెకు కొత్త.

తెలుగు పిల్లలకు ఇంగ్లీషు టెన్సులు ఎలా చెప్పాలన్న వాదం ఇంచుమించు ఇక్కడే మొదలవుతుంది. వందేళ్లుగా సాగుతూ ఇప్పుడు బాగా చిక్కుపడింది. సూత్రాలు చెప్పాలని కొందరు, చెబితే చెడిపోతారని కొందరు, తెలుగుతో పోల్చాలని కొందరు, తెలుగు మాటే ఎత్తవద్దని మరికొందరు. 2022-23లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చాక టెన్సు బాధ ఇంగ్లీషు పీరియడ్ దాటి సైన్సు, సాంఘికం పీరియడ్లకూ పాకింది. ఇంతవరకూ ఎవరేమన్నారో ఒకసారి లెక్క చూడటానికి ఇది తగిన సమయమే.

చిక్కు ఎక్కడుంది

భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ కలిసి 1985లో ప్రచురించిన ఆధునిక తెలుగు వ్యాకరణం ‘నేస్తాడు’ వంటి రూపాన్ని భవిష్యత్తుకూ అలవాటుకూ ఉమ్మడి రూపంగా లెక్కిస్తుంది. ‘రోజూ నేస్తాడు’, ‘రేపు నేస్తాడు’ రెండూ అదే. ‘నేస్తున్నాడు’ అనేది ఈ క్షణానికీ సరిపోతుంది, ‘పదేళ్లుగా నేస్తున్నాడు’ అనడానికీ సరిపోతుంది. ‘నేశాడు’ గడిచిన ఏ పనికైనా చెల్లుతుంది. తెలుగుకు కాలభేదం తెలియక కాదు. ‘రోజూ’, ‘అప్పటికే’, ‘ఇంకా’, ‘ఎప్పుడైనా’ వంటి మాటలతోనూ, ‘వచ్చి’, ‘చూసి’ వంటి క్త్వార్థకాలతోనూ ఆ పని జరిగిపోతుంది. ‘నీళ్లు వచ్చేసరికే జనం మెరకకు వెళ్లిపోయారు’ అన్న వాక్యంలో ముందేది, వెనకేది అని ఎవరికీ అనుమానం రాదు. ఇంగ్లీషు అక్కడ ‘హాడ్ గాన్’ అడుగుతుంది.

ఇరుగుపొరుగు భాషలు ఈ విషయంలో ఇంగ్లీషుకు కాస్త దగ్గర. కన్నడంలో ‘హోగిద్దానె’ అనేది రోజువారీ మాట. వెళ్లాడు, ఇప్పుడు ఇక్కడ లేడు అని దాని అర్థం. తమిళంలో ‘పోయిరుక్కాన్’ అలాంటిదే. ఉర్దూలో ‘గయా’, ‘గయా హై’, ‘గయా థా’ అని మూడు మెట్లున్నాయి. తెలుగులో ‘వెళ్లి ఉన్నాడు’ అనొచ్చు గానీ ఎవరు అంటారు? ‘కూర్చుని ఉన్నాడు’ అంటాం, అది భంగిమ చెప్పే మాట. ‘వెళ్లి ఉంటాడు’ అంటాం, అది ఊహ.

సంప్రదాయ వ్యాకరణం నుంచి ఒక సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) భూత, వర్తమాన, భవిష్యత్తులతో ఆగలేదు, తద్ధర్మార్థకం అని నాలుగోదాన్నీ చెప్పింది. ఒకదాని స్వభావాన్ని, అలవాటును చెప్పే క్రియ అది. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, పక్షులు ఎగురుతాయి. ఇంగ్లీషులో ‘సింపుల్ ప్రజెంట్’ ముఖ్యంగా చేసే పని ఇదే. అయినా గైడ్లు దాన్ని ‘సామాన్య వర్తమానం’ అని అనువదించాయి. వర్తమానం అనగానే పిల్లకు ‘ఇప్పుడు’ స్ఫురిస్తుంది, ‘ఇప్పుడు’ అనగానే నోటికి ‘తున్న’ వస్తుంది, ‘తున్న’ అనగానే ‘ఇంగ్’ వచ్చి కూర్చుంటుంది. ‘ఐ యామ్ గోయింగ్ టు స్కూల్ డెయిలీ’ అన్న వాక్యం పుట్టుకలో ఆ పేరు పాత్ర కూడా కొంత ఉందని అనుమానించవచ్చు.

ఏటికి అటూ ఇటూ

రాజోలి తుంగభద్ర ఒడ్డున ఉంది. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ నిజాం రాజ్యంలో ఉండేది. ఏరు దాటితే కర్నూలు. 1839లో నవాబు పాలన పోయాక అది నేరుగా బ్రిటిషువాళ్ల చేతికి వెళ్లి మద్రాసు ప్రెసిడెన్సీలో కలిసింది. కాబట్టి రెండు గట్ల మీదా ఇంగ్లీషు రెండు దారుల్లో వచ్చింది. అవతల తెలుగు, ఇంగ్లీషు ముఖాముఖి. ఇవతల నడుమ ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో చదువు చెబుతూ ఇంగ్లీషును తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచింది. ఉర్దూ మీదుగా ఇంగ్లీషుకు వెళ్లిన తరానికి ‘హాజ్ గాన్’ పక్కన ‘గయా హై’ సిద్ధంగా ఉంది. ఆ నిచ్చెన తీసేశాక వచ్చిన తెలుగు మీడియం తరాలకు దాని బదులు ఏం ఇవ్వాలన్నది ఆలోచించినవాళ్లు తక్కువ. మరి అదే ఉర్దూ ‘గయా థా’ వల్ల ‘ఐ హాడ్ గాన్ టు కర్నూల్ ఎస్టర్డే’ అనే అలవాటు కూడా వస్తుందన్నది వేరే సంగతి.

1930ల్లో వచ్చిన రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం రెండు గట్లనూ ఏకం చేసింది. స్వాతంత్ర్యం తర్వాత గాలి మారింది. 1958లో హైదరాబాదులో కేంద్ర ఆంగ్ల సంస్థ (ఈనాటి ఇఫ్లూ), 1963లో బెంగళూరులో దక్షిణ భారత ప్రాంతీయ ఆంగ్ల సంస్థ వచ్చాయి. వాక్య నిర్మాణాలను ఒక వరసలో పేర్చి, ఒక్కోదాన్ని నోటికి అలవాటు చేయించే ‘స్ట్రక్చరల్’ పద్ధతి టీచర్ల శిక్షణలోకి వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో 27 వేలమంది ప్రాథమిక ఉపాధ్యాయులకు మళ్లీ శిక్షణ ఇవ్వాలని ఒక పెద్ద ప్రయత్నమే జరిగింది. ఒకరు నేర్చుకుని మరికొందరికి చెప్పడం, వాళ్లు ఇంకొందరికి చెప్పడం. మంచుముద్ద దొర్లేకొద్దీ పెద్దదవుతుందని దానికి ‘మద్రాస్ స్నోబాల్’ అని పేరు వచ్చింది. దొర్లేకొద్దీ కరుగుతుంది కూడా అని విమర్శకులు అన్నారు.

పన్నెండు గళ్ల పట్టిక

అన్నిటికన్నా గట్టిగా నిలిచింది మాత్రం పట్టికే. నిలువున ప్రజెంట్, పాస్ట్, ఫ్యూచర్; అడ్డంగా సింపుల్, కంటిన్యువస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యువస్. మూడు నాళ్లు పన్నెండు. అమీర్‌పేట స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్లు, రాపిడెక్స్ వంటి పుస్తకాలు, పదో తరగతి గైడ్లు దీని మీదే నడిచాయి. భాషాశాస్త్రజ్ఞులు దీన్ని ఒప్పుకోరు. క్వర్క్, ఆయన సహరచయితలు 1985లో ప్రచురించిన బృహద్వ్యాకరణం లెక్కలో ఇంగ్లీషుకు కాలాలు రెండే: ప్రజెంట్, పాస్ట్. ‘విల్’ అనేది కాలం గుర్తు కాదు, సహాయక క్రియ. మిగిలినవన్నీ పని తీరును చెప్పేవి. పన్నెండుకూ రెండుకూ మధ్య తేడా చిన్నది కాదు గానీ, పట్టికకు ఒక సుగుణం ఉంది: చేతిలో ఇమిడిపోతుంది. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు చుట్టుపక్కల లేని ఊళ్లో పిల్లకు దొరికే పటం అదొక్కటే.

ఈ పద్ధతి అసలు బలహీనత పట్టికలో కన్నా దాని పక్కన రాసే తెలుగులో ఉంది. ‘ఐ హ్యావ్ గాన్’ పక్కన ‘నేను వెళ్ళియున్నాను’. ‘ఐ హాడ్ గాన్’ పక్కన ‘నేను వెళ్ళియుంటిని’. ‘ఐ హ్యావ్ బీన్ గోయింగ్’ పక్కన ‘నేను వెళ్ళుచునేయున్నాను’. ఇంట్లో ‘పోయిన’, ‘పోయిండు’ అనే పిల్ల రెండు పరాయి భాషలు ఒకేసారి నేర్చుకోవాల్సి వస్తుంది, అందులో ఒకటి భూమ్మీద ఎవరూ మాట్లాడనిది. పైగా ‘వెళ్ళియుంటాను’ అన్నది ‘విల్ హ్యావ్ గాన్’కు అనువాదమని చెబితే, తెలుగు చెవికి అది వెళ్లానో లేదో తెలియని మనిషి మాటలా వినిపిస్తుంది.

సూత్రం చెప్పని బడి

దీనికి ఎదురు వాదం కూడా మన దక్షిణాది బడుల్లోనే పుట్టిందన్నది చాలామందికి గుర్తుండదు. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు ఆధ్వర్యంలో బెంగళూరు, మద్రాసు తదితర చోట్ల కొన్ని తరగతుల్లో ఒక ప్రయోగం జరిగింది. వ్యాకరణం వరస లేదు, పాఠం పేరు ‘పాస్ట్ టెన్స్’ కాదు. పిల్లల ముందు రైళ్ల టైం టేబులో, పటమో పెట్టి లెక్క తేల్చమంటారు. బుద్ధి అర్థం మీద ఉన్నప్పుడే వ్యాకరణం లోపల తనంతట తాను కుదురుకుంటుందని ప్రభు నమ్మకం. 1987లో ఆయన పుస్తకం వచ్చాక పనుల ద్వారా భాష అనే పద్ధతి ప్రపంచమంతా పాకింది. 1985లో బెరెట్టా, డేవిస్ చేసిన మదింపు ఫలితం చూస్తే నవ్వొస్తుంది: పనుల ద్వారా నేర్చుకున్నవాళ్లు ప్రధానంగా పనుల పరీక్షలో, నిర్మాణాలు నేర్చుకున్నవాళ్లు నిర్మాణాల పరీక్షలో మెరుగ్గా చేశారు. ఎవరి పొలంలో వారిదే పంట.

ఇదే ధోరణి 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మీదుగా మన పాఠ్యపుస్తకాల్లోకి వచ్చింది. ఆ తర్వాతి దశకంలో తయారై ఉభయ రాష్ట్రాల్లో నడిచిన ‘అవర్ వరల్డ్ త్రూ ఇంగ్లిష్’ పుస్తకాల్లో కథ, సంభాషణ, డైరీ, ఉత్తరం ముందుకొచ్చాయి. వ్యాకరణం పాఠం చివర కొద్దిగా మిగిలింది. పదో తరగతి పరీక్షలో తప్పులున్న పేరా ఇచ్చి దిద్దమనే ప్రశ్న చేరింది. ఇక్కడ ఒక వైరుధ్యం దాచినా దాగదు. తప్పును పెద్దగా పట్టించుకోవద్దనే పద్ధతిలో చదివిన పిల్లను చివర్లో తప్పు పట్టే పరీక్షకు కూర్చోబెట్టారు. అందుకే పుస్తకం పక్కన గైడు, గైడులో పన్నెండు గళ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

పోల్చి చెప్పేవాళ్లు

మూడో వర్గం మాతృభాషను ముందు పెడుతుంది. రాబర్ట్ లాడో 1957లో చెప్పిన మాట ఇది: రెండు భాషలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ పొరబడతారో ముందే తెలుస్తుంది. ‘సిన్స్ టెన్ ఇయర్స్’ దీనికి మంచి సాక్ష్యం. ‘2014 నుంచి’, ‘పదేళ్ల నుంచి’ రెంటికీ మనకు ‘నుంచి’ ఒక్కటే. ఇంగ్లీషుకు ‘సిన్స్’, ‘ఫర్’ రెండు.

అయితే ఈ వాదానికి తెలుగే ఎదురు సాక్ష్యం కూడా చెబుతుంది. ‘రాలేదు’ను విడదీస్తే ‘రా’, ‘లేదు’. కాలం బరువంతా ‘లేదు’ మోస్తుంది, ‘రా’ మారదు. ‘డిడ్ నాట్ కమ్’ అచ్చం ఇదే పోత. పోలిక సిద్ధాంతం నిజమైతే తెలుగు పిల్ల ‘డిడ్ నాట్ కేమ్’ అనకూడదు. అయినా అంటుంది, ఎక్కడెక్కడి పిల్లలో అన్నట్టే అంటుంది. అలాగే నేస్తాను, నేస్తాడు, నేస్తుంది అని మనిషిని బట్టి క్రియ మార్చే భాష మనది. ‘హీ వీవ్స్’లో ఆ ఒక్క ‘ఎస్’ మనకు సులువుగా రావాలి. రాదు. 1974లో డ్యూలే, బర్ట్ స్పానిష్, చైనీస్ ఇళ్ల పిల్లలను పరిశీలించి, మాతృభాష ఏదైనా కొన్ని రూపాలు ఒకే వరసలో వంటబడతాయన్నారు. ఆ కోవ అధ్యయనాల్లో ‘ఇంగ్’ ముందు వస్తుంది, ‘ఎస్’ చాలా ఆలస్యంగా వస్తుంది. మన పుస్తకాలు ‘ఎస్’ను మొదట్లోనే చెప్పి, రాలేదని అయిదేళ్లు తిడతాయి.

కొరియా ఉదాహరణ ఇక్కడ పనికొస్తుంది. హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ 1905లో కొరియన్‌కూ ద్రావిడ భాషలకూ చుట్టరికం ఉందంటూ ఏకంగా తులనాత్మక వ్యాకరణమే రాశాడు. ఆ చుట్టరికాన్ని భాషాశాస్త్రం ఒప్పుకోలేదు గానీ పోలికలు కనబడుతూనే ఉంటాయి: క్రియ వాక్యం చివర, దాని తోకకు ప్రత్యయాలు, ‘డిడ్’, ‘హాజ్ డన్’ రెంటికీ చాలావరకు ఒకే భూతరూపం. తేడాలూ ఉన్నాయి. కొరియన్‌లో ఇప్పుడు జరుగుతున్న పనిని మామూలు వర్తమానంలో కూడా చెప్పొచ్చు. మనకు ‘తున్న’ లేనిదే కుదరదు. కాబట్టి కొరియా పిల్లకు ‘ఇంగ్’ ఎక్కడ తప్పనిసరో చెప్పాలి, రాజోలి పిల్లకు ఎక్కడ ఆపాలో చెప్పాలి. రేమండ్ మర్ఫీ వ్యాకరణం (1985) వంటి ప్రసిద్ధ పుస్తకాల మూలప్రతి ఇద్దరికీ ఒకే పాఠాన్ని ఒకే కొలతలో ఇస్తుంది.

ఒకే వాక్యం, నలుగురు టీచర్లు

‘ఐ యామ్ స్టేయింగ్ ఇన్ రాజోలి సిన్స్ టెన్ ఇయర్స్’ అని ఒక పిల్ల రాసిందనుకుందాం. పట్టిక టీచరు బోర్డు మీద ‘హ్యావ్ ప్లస్ బీన్ ప్లస్ ఇంగ్’ అని రాసి, పది వాక్యాలు మార్చుకు రమ్మంటారు. పరీక్షలో మార్కు వస్తుంది. బస్టాండులో ఎవరైనా అడిగితే పాత వాక్యమే వస్తుంది. నిర్మాణాల టీచరు సరైన వాక్యం తాను పలికి తరగతి చేత పలికిస్తారు: స్టేయింగ్, వర్కింగ్, వీవింగ్, ఫైవ్ ఇయర్స్, టూ మంత్స్. నోరు తిరుగుతుంది, ఎప్పుడు వాడాలో తెలియకపోవచ్చు.

అర్థం ముఖ్యమనే టీచరు వాక్యాన్ని దిద్దరు. ‘ఓ, యూ హ్యావ్ బీన్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్?’ అని తిప్పి అని, ముందుకు వెళ్తారు. 2009 అక్టోబరు తుంగభద్ర వరదకు ముందు వీధిలో ఏ ఇళ్లున్నాయి, తర్వాత ఏవి వచ్చాయి అని పిల్లల చేత జాబితా కట్టిస్తారు. ‘అప్పటికే’ అన్న భావం అక్కడ బతికొస్తుంది. నలభైమంది ఉన్న తరగతిలో ఆ తిప్పి అన్న మాట ఎందరి చెవిన పడుతుందన్నది సందేహం. పైగా టీచరుకు ఇంగ్లీషు ధారాళంగా రావాలి. పోల్చే టీచరు బోర్డు మీద తెలుగులోనే రెండు వాక్యాలు రాస్తారు: ‘ఇప్పుడు నేస్తున్నా’, ‘పదేళ్లుగా నేస్తున్నా’. మనకు ఒక్క ‘తున్నా’, ఇంగ్లీషుకు రెండు గదులు అని చూపిస్తారు. రెండు నిమిషాల్లో వెలుగు పడుతుంది. ఆ వెలుగు మాటగా మారడానికి ఎన్నాళ్లు పడుతుందో ఈ వర్గం చెప్పదు.

2000లో నోరిస్, ఒర్టెగా 49 అధ్యయనాలను కలిపి చూసి, నియమాన్ని విప్పి చెప్పడం చెప్పకపోవడం కన్నా మెరుగని తేల్చారు. పట్టిక పక్షానికి బలం చేకూరినట్టే. కానీ ఆ అధ్యయనాల్లో చాలావాటి పరీక్షలు నియమం తెలిసినవాళ్లకు అనుకూలమైనవని వాళ్లే ఒప్పుకున్నారు. ఇంతవరకూ తూచి చూస్తే, బోర్డు మీద రెండు నిమిషాల తెలుగు, ఆ తర్వాత నోటికీ చేతికీ దండిగా పని అన్నది మిగతావాటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ పని చేసేలా కనబడుతుంది. అదీ ‘ఎస్’ వంటి చోట్ల చేతులెత్తేస్తుంది.

తేలనివి

ఆ పిల్ల రాసింది అసలు తప్పేనా అన్నది మొదటి తగవు. 1990-91లో రాండాల్ఫ్ క్వర్క్, బ్రజ్ కచ్రు ఇదే విషయం మీద తలపడ్డారు. ప్రమాణ భాష ఒకటే ఉండాలని ఒకరు, భారతీయ ఇంగ్లీషు తన కాళ్ల మీద నిలబడిన భాష అని మరొకరు. నిస్సిం ఎజెకీల్ మిస్ పుష్ప వీడ్కోలు కవితలో వెక్కిరించింది ఈ ‘ఇంగ్’నే, ఆ వెక్కిరింతలో ప్రేమ ఎంత, ఎత్తిపొడుపు ఎంత అని ఇప్పటికీ వాదించుకుంటారు. ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ అన్న మాట హైదరాబాదు ఆఫీసుల్లో ఎవరికీ అడ్డు రాదు, ఉద్యోగ పరీక్షలో మాత్రం మార్కు పోతుంది. టీచరు ఎవరి పక్షం వహించాలో పాఠ్యప్రణాళిక చెప్పలేదు.

రెండోది వరస. ‘ఎస్’ ఆలస్యంగా వస్తుందని తెలిశాక దాన్ని పై తరగతులకు జరపాలా, మొదటినుంచీ వినిపిస్తూ దిద్దకుండా వదిలేయాలా? విరగడం, చేరడం, పడటం వంటి ఒక్క క్షణంలో ముగిసే క్రియలకు భూతరూపం ముందు పట్టుబడుతుందని కాలరూపాల మీద జరిగిన పరిశోధన చెబుతోంది. ఆ లెక్కన ‘ద థ్రెడ్ బ్రోక్’ ముందు, ‘హీ వోవ్ ఆల్ డే’ తర్వాత రావాలి. దారం తెగడం చూడని పిల్ల రాజోలిలో ఉండదు గానీ, పాఠాలను ఈ వరసలో పేర్చిన పుస్తకం మన బడుల్లో లేదు.

మూడోది పరిభాష. ఇంగ్లీషు మీడియం వచ్చాక టీచరు బోర్డు మీద తెలుగు రాయవచ్చా అన్నది కొన్ని బడుల్లో మొహమాటంగా మారింది. రాసినా ఏ తెలుగు? ‘వెళ్ళియుంటిని’ పనికిరాదని తేలింది. ‘పోయిండు’ను పుస్తకంలో అచ్చువేయడానికి ఇంకా ఎవరికీ చేయి రావడం లేదు. తెలుగు పీరియడ్‌లో చెప్పే తద్ధర్మాన్ని ఇంగ్లీషు పీరియడ్‌కు పిలుచుకురావాలంటే ఇద్దరు టీచర్లు స్టాఫ్ రూంలో మాట్లాడుకోవాలి.

దీనికి కావలసిన సరుకు చాలామటుకు పిల్లల సంచుల్లోనే ఉంది. 2022-23లో తెలంగాణ ద్విభాషా పాఠ్యపుస్తకాలు తెచ్చింది: ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ అదే పాఠం తెలుగులో. సైన్సు పుస్తకం తెరిస్తే నీరు నూరు డిగ్రీల దగ్గర మరుగుతుంది, మొక్కలు సూర్యకాంతితో ఆహారం తయారుచేసుకుంటాయి. ఎదుటి పేజీలో ‘బాయిల్స్’, ‘ప్రిపేర్’. తద్ధర్మమూ సింపుల్ ప్రజెంటూ ముఖాముఖి పేజీల్లో, పాఠం తర్వాత పాఠం. నీరు ఏకవచనం గనక ‘ఎస్’, మొక్కలు బహువచనం గనక ‘ఎస్’ లేదు. ఆ పుస్తకం సైన్సు పీరియడ్‌లో తెరుస్తారు, గంట కొట్టగానే మూసి ఇంగ్లీషు పుస్తకం తీస్తారు.